సుబ్బులమ్మ ఆసుపత్రిలో బెంచీలు

వెంకటసుబ్బులమ్మకు ఒక ఆసుపత్రి ఉంది. ఆ ఆసుపత్రిలో కాస్త ఖాళీ కనబడితే చాలు, ఆమె అక్కడ ఒక బెంచీ వేస్తుంది. ఆమెను గురించి ఒక్క ముక్కలో చెప్పమంటే మార్కాపురంలో పలకల కార్ఖానా వెనక వీధి మొత్తం ఈ ముక్కే చెబుతుంది. సామాన్యమైన ఆసుపత్రి కాదది, ఆరంతస్తుల మేడ. ఎక్స్‌రే గది ఉంది, మందుల కొట్టు ఉంది, కూతపెట్టే అంబులెన్సులున్నాయి, తెల్లకోట్ల డాక్టర్లున్నారు, జీతం పెంచకపోతే మూతి ముడుచుకునే నర్సులున్నారు. ఇంత సంస్థా కలిసి ఆమె ఒడిలో ఇమిడిపోతుంది. ఎందుకంటే అది ట్యాబులో ఆడే ఆట. ఈ సంగతి వీధిలో అందరికీ తెలుసు, ఒక్క వెంకటసుబ్బులమ్మకు తప్ప.

ఆమె భర్త పిచ్చయ్యకు ఈ ఆసుపత్రి మీద మొదటి నుంచీ అభ్యంతరాలున్నాయి. ఆయన తాలూకా కచేరీలో గుమాస్తాగా చేరి, సూపరింటెండెంటుగా రిటైరైన మనిషి. మార్కాపురం కర్నూలు జిల్లాలో ఉన్న కాలపు శిస్తు రసీదుల దగ్గర నుంచి నిన్నటి కరెంటు బిల్లు దాకా, కాగితమన్నది ఆయన ఇంట్లోకి రావడమే గాని బయటికి పోవడం లేదు. అన్యాయం కనబడితే అర్జీ పెట్టకుండా ఉండలేడు. కనబడకపోతే కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూస్తాడు.

"ఇన్ని అంతస్తులు లేపినావే, ప్లాను అప్రూవలు యాడుంది?" అన్నాడు మొదటి రోజు, ఆమె భుజం మీదుగా తొంగిచూసి.

"రోగులు గుమ్మంలో నిలబడుంటే అప్రూవలు ఏందయ్యా?"

"మరి నిన్న గోడ పగలగొట్టినావు. పక్క గదిలో రోగికి నోటీసిచ్చినావా?"

"వాడికి స్పృహ లేదు. నోటీసు ఎవరికియ్యాల?"

"గోడకు అంటించాల. అదీ పద్ధతి."

"ఆ గోడనే గదయ్యా పగలగొట్టింది!"

పిచ్చయ్య కళ్లద్దాలు తుడుచుకున్నాడు. అంత ఉద్యోగంలోనూ ఆయనకు ఇటువంటి చిక్కు ఎదురు కాలేదు.

అసలు ఈ విడ్డూరానికి మూలం ఆమె మోకాళ్లు. కాళ్లు కదపకుండా కూర్చోవాలని డాక్టరు చెప్పినప్పుడు వీధి వీధంతా జాలిపడింది, డాక్టరు మీద. వెంకటసుబ్బులమ్మను కూర్చోబెట్టడం మాటలతో అయ్యే పని కాదు. పక్కింటి తస్లీమ్ బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ల దుకాణం నడుపుతుంది. వరసలూ వావులూ ఏమీ లేకపోయినా ఈమెను అత్తా అనీ, పిచ్చయ్యను మామా అనీ పిలుస్తుంది. ఆమె ఒక పాత ట్యాబులో ఈ ఆట ఎక్కించి చేతిలో పెట్టి, "రెండు దినాలు దీన్ని చూసుకో అత్తా, కాళ్లు నిలుస్తాయి" అన్నది. కాళ్లు నిలిచాయి. వంట నిలిచింది. పిచ్చయ్య భోజనం వేళ కూడా నిలిచింది.

"అన్నం పెడతావా?"

"ఆగవయ్యా, ఎమర్జెన్సీ వచ్చింది."

"పప్పు మాడుతున్నది."

"మాడనీ. ఈయనెవరో గడియారం మింగినాడు. కడుపులో గంటలు కొడుతున్నాయి. ముందు అది తీయాల్నా, పప్పు దించాల్నా?"

ఆ ఆటలోని రోగాలు లోకంలో ఎక్కడా లేనివి. ఒకడికి పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయి, ఒకడు మాట్లాడితే నోట్లోంచి సబ్బు బుడగలు వస్తాయి. ఇవేవీ వెంకటసుబ్బులమ్మకు వింతగా తోచలేదు. ఆమెను నిర్ఘాంతపరచిన వింత వేరే ఉంది. ఆటలో వచ్చే ప్రతి రోగీ ఒంటరిగా వస్తాడు.

ఆమె పుట్టిల్లు కొనకనమిట్ల దగ్గర వానకు పండే పల్లె. ఆ ఊళ్లో ఒకరికి జ్వరం వచ్చిందంటే ఆసుపత్రికి ట్రాక్టరు పోతుంది. రోగి ఒక్కడు. కాళ్లు పట్టేందుకు ఒకరు, విసనకర్రతో విసిరేందుకు ఒకరు, సంగటి ముద్ద మోసేందుకు ఒకరు, డాక్టరుతో మాట్లాడేందుకు చదువుకున్నవాడొకడు, ఆ చదువుకున్నవాడు సరిగ్గా మాట్లాడుతున్నాడో లేదో చూసేందుకు మరొకడు. అటువంటి చోట పుట్టిన మనిషి ముందు ఈ ఆట, సబ్బు బుడగలు కక్కే మనిషిని ఒంటరిగా తెచ్చి నిలబెట్టింది.

"పాపం, ఈనకు పెండ్లాం లేదా? అన్నదమ్ములు లేరా? ఊరు ఊరే లేదా?" అని ఆమె మొదటి రోజు కన్నీళ్లు పెట్టుకున్నది. రెండో రోజు తేల్చేసింది. "వస్తారు. బస్సు దొరికినట్టు లేదు. వచ్చినాక యాడ కూచుంటారు?" అని వసారా పొడుగునా బెంచీలు వేసింది. ఎక్స్‌రే గది ముందు వేసింది. ఆపరేషను గది ముందు రెండు వరసలు వేసింది. మూడో అంతస్తులో చర్మవ్యాధుల విభాగాన్ని ఎత్తేసి మరీ వేసింది. వేసిన ప్రతిసారీ తెర మీద ఎర్రక్షరాలతో ఒక హెచ్చరిక వస్తుంది: స్థలం వృథా అవుతున్నది.

"వాడే చెబుతున్నాడు గదా, వృథా అని," అన్నాడు పిచ్చయ్య.

"వాడికేం తెలుసు? వాడు ఎన్నడన్నా ఆసుపత్రిలో నిలబడినాడా?"

ఇలాంటి ఆటలకు వాక్‌త్రూలని ఉంటాయి. ఆటలో ఒక మెట్టు, అంటే లెవెలు, దాటలేక అగచాట్లు పడేవాళ్ల కోసం, దాటినవాళ్లు తాము ఆడుతూ, ఎక్కడ ఏం చేయాలో నోటితో చెప్పుకుంటూ పోయే వీడియోలు. ఎక్కడెక్కడి కుర్రకారో ఇంగ్లీషులో గడగడా చెప్పి పడేస్తారు. తస్లీమ్ ఒకనాడు ఊరికే, అత్త ఆడుతూ మాట్లాడేదంతా రికార్డు చేసి నెట్‌లో పెట్టింది. అదొక వాక్‌త్రూ అయిందని అత్తకు తెలియదు. ఆమె మామూలుగానే మాట్లాడింది.

"ఇదుగో నాయనా, ఈన వచ్చినాడు. ఈనకు ముందు మంచినీళ్లియ్యాల. నీళ్ల మిషను ఈడ పెట్టు. డాక్టరును తర్వాత పెట్టొచ్చు, ఆన యాడికీ పోడు, జీతగాడు. ఇప్పుడు బెంచీ వెయ్యి. ఒకటి గాదు, ఇంకోటి. ఎర్రక్షరాలు వస్తాయి, పట్టిచ్చుకోవాకు. మా ఇంట్లో కూడా ఒకాయన ఉన్నాడు, అట్లనే ఎర్రబడతాడు, కాసేపటికి తగ్గుతాడు."

జనం విరగబడి చూశారు. గిద్దలూరు నుంచి, కంభం నుంచి, పేర్లే వినని ఊళ్ల నుంచి వీడియో కింద రాతలు మొదలయ్యాయి. తస్లీమ్ అవి చదివి వినిపిస్తే అత్త జవాబులు చెప్పేది. "అమ్మా, ఏడో మెట్టు దాటేది ఎట్ల?" అని ఒకరు. "ముందు బెంచీ వెయ్యి నాయనా" అని జవాబు. "అమ్మా, నా నర్సులు సమ్మె చేస్తున్నారు." "వాళ్లక్కూడా బెంచీ వెయ్యి, కూచోని చేస్తారు."

నవ్వులాటగా సాగుతున్న ఈ వ్యవహారం పదకొండో మెట్టు దగ్గర గాంభీర్యం దాల్చింది. ఆ మెట్టులో వానాకాలం వస్తుంది, జ్వరాలు వస్తాయి, రోగులు పుట్ట పగిలినట్టు వచ్చి పడతారు. ప్రతి రోగి నెత్తి మీదా సహనం చూపే గీత ఒకటి ఉంటుంది. ఎదురుచూపులో అది ఎర్రబడిపోతే రోగి విసురుగా వెళ్లిపోతాడు. ఆసుపత్రి మూతపడుతుంది. ఆరితేరిన ఆటగాళ్లు సైతం అక్కడే బోల్తా పడ్డారట. వెంకటసుబ్బులమ్మ ఆసుపత్రిలోకి అదే జనం వచ్చి, బెంచీల మీద కూర్చున్నారు. కూర్చున్న మనిషి నెత్తి మీది గీత ఎర్రబడలేదు. ఒక్కరూ లేచి పోలేదు. డాక్టర్లు తీరుబడిగా చూశారు. ఆట ముగిసి తెర నిండా నక్షత్రాలు రాలుతుంటే ఆమె వాటిని పట్టించుకోకుండా, "తోడొచ్చినోళ్లు ఇంకా రాలేదే" అన్నది.

పిచ్చయ్య ఆ రోజు వెనక నిలబడి మొత్తం చూశాడు. అరవై గజాల కాలువ మంజూరు కోసం ఒక దశాబ్దం అర్జీలు పెట్టిన మనిషి. ఒక వానాకాలాన్ని ఆమె వట్టి బెంచీలతో దాటించేసింది. పిచ్చయ్య చివరికి, "చర్మవ్యాధుల వాళ్లు కోర్టుకు పోతే నువ్వు నిలవవు" అన్నాడు. కాని ఆ గొంతులో పూర్వపు పట్టు లేదు.

మోకాళ్లు నెమ్మదించాక ఆమె ప్రతి మంగళవారం క్యారియరు నిండా అన్నం కట్టుకుని ఊళ్లోని ప్రభుత్వాసుపత్రికి వెళ్లడం మొదలుపెట్టింది.

"యాడికి?"

"ఇన్‌స్పెక్షనుకు. నిజం ఆసుపత్రిలో ఏది యాడుందో చూస్తే గదా నాది బాగుపడేది."

"ఏ హోదాలో పోతున్నావు?"

"సూపర్నెంటు."

"ఉత్తర్వు కాపీ ఉందా?"

క్యారియరు సాయంత్రం ఖాళీగా తిరిగొచ్చేది. ఆటలో పడి ఈ మనిషికి ఆకలి రెట్టింపయిందని పిచ్చయ్య అనుకున్నాడు. అంతకుమించి విచారించలేదు. ప్రతి విషయాన్నీ విచారించే మనిషి ఆ ఒక్క విషయాన్ని ఎందుకు వదిలేశాడో ఆయనకే తెలియాలి.

అలా ఉండగా ఒక సోమవారం, అర్జీలు తీసుకునే దినాన, పిచ్చయ్య తాలూకా కచేరీ మెట్లెక్కుతూ గుండె పట్టుకుని కూలబడ్డాడు. చుట్టూ ఉన్నవాళ్లు నీళ్లు చల్లి లేపబోతే, "ముందు దీని మీద ముద్ర వేయించండి" అని చేతిలోని అర్జీ చాచాడు. ముద్ర పడ్డాకే అంబులెన్సు ఎక్కాడు. ఊళ్లో చూసి, ఒంగోలుకు పంపించారు. అక్కడి పెద్ద ఆసుపత్రిలో డాక్టరు యామిని పరీక్షలన్నీ చూసి, నాలుగు దినాల్లో బైపాసు చేయాలన్నది.

"రక్తం సిద్ధంగా ఉంచుకోవాలండీ. మీ తరఫున దాతలు కొందరు రావాలి. మీవాళ్లకు కబురు చేయండి."

"నా తరఫు వాళ్లు ఎవరూ లేరమ్మా."

"అన్నదమ్ములు?"

"తమ్ముడున్నాడు, చెన్నకేశవులని. పొలం గట్టు కేసులో ప్రతివాది."

"బావగార్లు?"

"ఒకాయన ఉన్నాడు. ఆయన రేషను కార్డు మీద నేను సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టినాను. ఆనాటి నుంచి మాటల్లేవు."

"పోనీ, ఇరుగుపొరుగు?"

"తస్లీమ్ మొగుడు బాబావలి. మురుగు కాలువ తగాదా. నోటీసు కాపీ ఇంటి దగ్గర ఉంది, తెప్పించమంటారా?"

"వద్దండీ," అన్నది డాక్టరు యామిని, నవ్వాలో వద్దో తెలియక. "కాని దాతలు లేకుండా నేను ఆపరేషను పెట్టుకోలేను."

పిచ్చయ్య వార్డంతా చూశాడు. ఒక్కొక్క మంచానికి ఒక్కొక్క ఊరు దిగి ఉంది. దుప్పట్లు, చెంబులు, బొంతలు, కేకలు. తన మంచం దగ్గర ఫైలు ఉంది. తమ్ముడి మీద, బావ మీద, పక్కింటివాడి మీద తాను గెలిచిన ప్రతి కాగితమూ భద్రంగా ఉంది. ఆ కాగితాలలో రక్తమిచ్చేది ఒక్కటీ లేదు. ట్యాబు తెర మీద చేతులూపుకుంటూ ఒంటరిగా లోపలికొచ్చే బొమ్మ మనిషి ఆయనకు గుర్తొచ్చాడు. ఆ బొమ్మ వాళ్ల కోసం వేసిన బెంచీలను వృథా అన్నందుకు ఇప్పుడు ఆయనకు సిగ్గేసింది.

"పద, ఇంటికి పోదాం," అన్నాడు భార్యతో. "ఆపరేషనూ వద్దు, ఏమీ వద్దు. మాత్రలతో నెట్టుకొస్తా."

వెంకటసుబ్బులమ్మ ట్యాబు తీసింది. పిచ్చయ్యకు ఒళ్లు మండింది.

"మొగుడు గుండె పట్టుకోనుంటే ఆటాడతావా?"

"మెట్టు దాటేది తెలియనప్పుడు అడగాల గదయ్యా," అని, తస్లీమ్ నేర్పినట్టు రికార్డు మీట నొక్కి, ట్యాబును మొహానికి ఎదురుగా పట్టుకున్నది. ఆమె అంత నెమ్మదిగా మాట్లాడడం ఆయన ఎన్నడూ వినలేదు. "నాయనా, అమ్మా, ఈ పొద్దు ఆసుపత్రి నాది గాదు, ఒంగోలుది. ఒకాయన వచ్చినాడు. తెల్లచొక్కా, చేతిలో ఫైలు. కోపిష్టి. ఒంటరిగా వచ్చినాడు. ఆపరేషను చెయ్యాలంటే రక్తమిచ్చేటోళ్లు కావాలంట. ఇన్నాళ్లూ మీకు నేను చెప్పినా. ఈ మెట్టు దాటేది ఎట్లనో నాకు తెలీదు. తెలిసినోళ్లు చెప్పండి."

మరునాడు పొద్దున ఆసుపత్రి గేటు దగ్గర గోల మొదలైంది. వాచ్‌మన్ ఒకరి తర్వాత ఒకరిని ఆపుతున్నాడు.

"ఎవరి తాలూకు?"

"పిచ్చయ్య గారి తాలూకు."

"మీరు?"

"పిచ్చయ్య గారి తాలూకే."

"మీరంతా?"

"ఆ గుంపు గూడా మాదేనన్నా. పిచ్చయ్య గారి తాలూకు."

గిద్దలూరు నుంచి ఒక కాలేజీ లెక్చరరు, కంభం నుంచి ఎరువుల కొట్టాయన, పదకొండో మెట్టు దాటిన బృందమని చెప్పుకుంటూ జీపు నిండా ఎవరెవరో. పిచ్చయ్య మంచం మీద లేచి కూర్చుని నోరు తెరిచి చూస్తున్నాడు. వాళ్లలో ఒక్కరినీ ఆయన ఎరుగడు. ఒక్కరి మీదా ఆయన దగ్గర కాగితం లేదు.

లారీ డ్రైవరు ఏబేలు చొక్కా చేయి పైకి మడుచుకుంటూ మంచం దగ్గరికొచ్చాడు. "అయ్యా, నువ్వేనా ఎర్రబడే ఆయనవి? పోయిన ఏడు దోర్నాల ఘాట్‌లో లారీ పడి మార్కాపురం ఆసుపత్రిలో ఉన్నా. నాకెవురూ లేరు. అమ్మ మంగళవారం వచ్చేది. నా తావనే గాదు, ఒంటిగా పడున్నోళ్లు ఎవురుంటే వాళ్ల తావ కూచునేది. నర్సమ్మ అడిగితే, 'నేను వీడి పిన్నమ్మను' అనేది. పక్క మంచం ముసలాయనకు చెల్లెలు, ఆ పక్కదానికి అత్త. తనే ముద్దలు కలిపి పెట్టేది."

పిచ్చయ్య మెల్లగా భార్య వంక తిరిగాడు. "క్యారియరు..." అన్నాడు.

"నీకేమో అదంతా నేనే తిన్నట్టు అనిపించె," అన్నది ఆమె. "ఇన్‌స్పెక్షనంటే ఊరికే చూసొచ్చేదా?"

దోర్నాల అవతలి గూడెం నుంచి వచ్చిన చెంచమ్మను, బక్కపలచగా ఉందని రక్తం గది నుంచి వెనక్కి పంపారు. "రక్తం పనికిరాదంట," అని ఆమె వచ్చి మంచం కోడు పక్కన నేల మీద బాసింపట్టు వేసింది. "కూచునేది పనికొస్తది గదా. నా కాన్పప్పుడు అమ్మ ఇట్లనే కూచున్నది."

ఆ వెనక తస్లీమ్, ఆమె వెనక మూతి బిగించుకుని బాబావలి. "మామా, కాలువ సంగతి కాలువదే, అది నేను వదల. రక్తం వేరే లెక్క," అని చేయి చాచి కూర్చున్నాడు. చివరికి తమ్ముడు చెన్నకేశవులు కూడా వచ్చాడు. అన్న మొహం చూడకుండా గోడతో మాట్లాడాడు. "కేసు వాయిదా పై నెల పడింది. అప్పటిదాకా నువ్వుండాల గదా. నువ్వు లేకుంటే ఎవురితో కొట్లాడాల?" అని గోడ వైపే తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

రక్తం కావలసినదాని కన్నా మించి వచ్చింది. కావలసిన మరొక వస్తువు మాత్రం ఆ ఆసుపత్రిలో లేదు. వచ్చిన జనం వరండాలో గోడలకు ఆనుకుని నిలబడ్డారు. వెంకటసుబ్బులమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని మేనేజరును పట్టుకున్నది.

"ఇంత మేడ కట్టినారే, బెంచీలేవి నాయనా?"

"వరండాలో బెంచీలు వేస్తే స్థలం వృథా అవుతుందమ్మా."

ఆ మాట చెవిన పడగానే, ఆపరేషనుకు తీసుకుపోతున్న తోపుడు మంచం మీద నుంచి పిచ్చయ్య తల ఎత్తాడు. "ఎవరయ్యా ఆ మాటన్నది? పేరు, హోదా చెప్పమను!" నర్సు రూబీ ఆయన తలను దిండు మీదికి నొక్కి, లోపలికి తోసుకుపోయింది.

ఆపరేషను చక్కగా జరిగింది. వార్డులోకి మార్చి రెండు పూటలు గడవకముందే ఆయన కాగితం, పెన్ను అడిగాడు. విల్లు రాస్తాడేమోనని తమ్ముడు బెదిరాడు. ఆయన రాసింది అర్జీ. విషయం: రోగి వెంట వచ్చువారికి కూర్చొను వసతి లేకుండుట గురించి. కింద, నకలు పంపవలసిన వారు: ఆసుపత్రి ఆటను తయారు చేసిన కంపెనీ, రోగులను ఒంటరిగా పంపుతున్న నేరమునకు.

ఆయన జీవితంలో పెట్టిన అర్జీలన్నిటి కిందా ఒకటే సంతకం ఉండేది, ఆయనది. ఈసారి ఆయన కాగితాన్ని పక్కకు అందించాడు. అది చేతులు మారుతూ వార్డంతా తిరిగింది. బాబావలి పెట్టాడు, చెన్నకేశవులు పెట్టాడు, చెంచమ్మ వేలిముద్ర వేసింది.

ఏబేలు కాగితం గోడకు ఆనించి అవస్థ పడ్డాడు. "అయ్యా, నిలబడి సంతకం కుదరలే. యాడ కూచోవాల?"

పిచ్చయ్య కుట్లు నొప్పి పెడుతున్నా కాళ్లు ముడుచుకుని మంచం చివర చోటు చేశాడు. "ఈడ కూచో."

అవతలి నుంచి రూబీ పరుగెత్తుకొచ్చింది. "పేషెంటు మంచం మీద కూర్చోకూడదు! రూలు!"

"ఆ రూలు కాపీ ఒకటి ఇప్పించు తల్లీ, చదువుకుంటా," అన్నాడు పిచ్చయ్య. "నువ్వు తెచ్చేదాకా ఆయన కూచుంటాడు."

కిటికీ దగ్గర వెంకటసుబ్బులమ్మ అప్పటికే ట్యాబు తీసి మొహానికి ఎదురుగా పట్టుకుని ఉంది.

"చూసినారా నాయనా, దాటినాం. మా ఇంటాయన గూడా ఒక బెంచీ వేసినాడు."